నీరసం అని చెప్పి వచ్చేశాను

రెండేళ్ళ కిందట, దాళ్వా కోతల రోజుల్లో, బీపీ చూపించుకోవడానికి టౌనుకి వెళ్ళాను. టోకెన్ 23. నేను లోపలికి వెళ్ళేసరికి 22వ నంబరాయన ఇంకా చొక్కా గుండీలు పెట్టుకుంటున్నాడు, 24వ నంబరు ఆవిడ అప్పుడే వచ్చి నా వెనక బల్ల మీద సర్దుక్కూర్చుంది, గుమ్మం దగ్గర కాంపౌండరు కర్టెన్ ఎత్తి పట్టుకుని 25ని కేకేస్తున్నాడు. డాక్టరుగారు జబ్బకి పట్టీ చుట్టి, గాలి కొట్టి చూసి, "130, 84. బానే ఉందండి. ఇంకేమన్నా ఇబ్బందా?" అన్నారు. బస్సెక్కిన దగ్గర్నుంచీ నేను ఒకే ఒక్క మాట లోపల్లోపల కూడబలుక్కుంటూ వచ్చాను. అది నాలిక చివరిదాకా వచ్చింది. వెనక బల్ల కిర్రుమంది. "కొంచెం నీరసంగా ఉంటోందండి" అన్నాను. ఆయన బీ కాంప్లెక్స్ రాసిచ్చారు.

నేను హైస్కూల్లో జీవశాస్త్రం చెబుతాను. 27 ఏళ్ళుగా బోర్డు మీద గుండె బొమ్మ గీసి, ధమనులు ఎర్ర సుద్దతో, సిరలు నీలం సుద్దతో వేసి రక్తప్రసరణ పాఠం చెబుతున్నవాణ్ణి. పునరుత్పత్తి పాఠం కూడా దాటేయకుండా, తల దించుకోకుండా చెబుతానని నాకు పేరుంది. అలాంటివాణ్ణి, బీపీ బిళ్ళలు మొదలెట్టిన నాలుగో నెల నుంచి నాకు అంగస్తంభన సరిగ్గా ఉండటం లేదండీ అన్న ఒక్క వాక్యం, అలాంటివి వినడానికే అక్కడ కూర్చున్న మనిషితో చెప్పలేకపోయాను. ఇక్కడ ఎందుకు చెబుతున్నానంటే, ఈ మాట పైకి అనలేక మన వైపు మగవాళ్ళు ఏం చేస్తున్నారో నాకు తెలుసు. బిళ్ళ మానేస్తున్నారు. డాక్టరుకి చెప్పకుండా, ఇంట్లో ఆడవాళ్ళకి చెప్పకుండా మానేస్తున్నారు.

మా బావగారు అలాగే మానేశారు. మా పెద్దక్క భర్త. కొబ్బరి వ్యాపారం, తెల్లారకముందే అంబాజీపేట మార్కెట్‌కి వెళ్ళిపోయే మనిషి, దింపు కూలీలతో సమానంగా ఎండలో తిరిగే మనిషి. 58వ ఏట ఒక పొద్దున పళ్ళు తోముకుని నోరు పుక్కిలిస్తుంటే నీళ్ళు ఒక పక్కనుంచి కారిపోవడం అక్క చూసింది. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. మాట ముద్దయిపోయింది. కాకినాడ తీసుకెళ్ళాం. "బీపీ 210 ఉంది, మందులు వాడుతున్నారా?" అని డ్యూటీ డాక్టరు అడిగితే అక్క గట్టిగా, "ఒక్కరోజు కూడా మానలేదండి, నేనే మంచినీళ్ళ గ్లాసు చేతికిస్తాను" అంది.

నాలుగో రోజు బట్టల కోసం ఇంటికి వెళ్ళిన అక్కకి, బీరువాలో ఆయన పంచెల మడతల మధ్య బిళ్ళల షీట్లు దొరికాయి. తొమ్మిది షీట్లు. ఒక్క బిళ్ళ కూడా తియ్యనివి. నెల నెలా కొనుక్కొచ్చారు, కొన్నవి కొన్నట్టే దాచేశారు, అక్క ఇచ్చిన గ్లాసుతో వట్టి నీళ్ళు తాగారు. అక్క వాటిని గుడ్డ సంచిలో వేసి ఆస్పత్రికి పట్టుకొచ్చి, నా పక్కన బెంచీ మీద పెట్టి, ఏమీ అనకుండా నిలబడింది. షీట్లకి కలరా ఉండల వాసన పట్టేసి ఉంది. తిప్పి చూశాను. బిళ్ళ పేరు, దాని చివర హెచ్ అన్న అక్షరం, కింద సన్నటి అక్షరాల్లో లోసార్టన్, హైడ్రోక్లోరోథయజైడ్ అని.

ఎందుకు మానేశారో మాట కాస్త తిరిగాక, మూడు నెలలకి, వాళ్ళ అరుగు మీద కూర్చున్నప్పుడు చెప్పారు. అక్క లోపల వంటింట్లో ఉంది. ఒక్కో మాటా విడివిడిగా, వెతుక్కుంటూ అన్నారు. "ఆ బిళ్ళ వేసుకుంటే... మగాణ్ణి కాకుండా పోతున్నానోయ్." నేను తలొంచుకున్నాను. ఎందుకంటే అప్పటికి నేను కూడా శని, ఆదివారాలు బిళ్ళ మానేస్తున్నాను.

బావగారిది మూర్ఖత్వం అంటే నేను ఒప్పుకోను. ఆయన లెక్క ఆయన వేసుకున్నారు. బీపీకి నొప్పి లేదు. పంటి నొప్పికి బిళ్ళ వేసుకుంటే గంటలో గుణం తెలుస్తుంది, జ్వరం బిళ్ళకి చెమట పట్టి ఒళ్ళు తేలికపడుతుంది. బీపీ బిళ్ళ ఏం చేసిందో వేసుకున్నవాడికి ఎన్నడూ తెలియదు, రాకుండా ఆగిపోయిన పక్షవాతాన్ని ఎవరూ చూడలేరు కదా. లాభం కంటికి కనపడదు, నష్టం మాత్రం రాత్రి పక్క మీద కనపడుతుంది. ఈ రెండూ తక్కెట్లో వేసి, సందేహం తీర్చే మనిషి లేక, ఒంటరిగా తీర్పు చెప్పుకున్నాడు ఒక మగవాడు. మందు మార్చవచ్చని ఆయనకి ఎవరూ చెప్పలేదు. ఆయన్ని ఎవరూ అడగలేదు. నా గొడవంతా ఇక్కడే ఉంది. బీపీ బిళ్ళ రాసే ప్రతి డాక్టరూ మగ రోగిని ఈ ప్రశ్న తనంతట తానే అడగాలి, మొదటి చీటీ రాసేముందు ఒకసారి, ఆ తరవాత చూపించుకోవడానికి వచ్చినప్పుడల్లా ఇంకోసారి. రోగి చెప్పేదాకా ఆగితే రోగి చెప్పడు. నీరసం అంటాడు.

ఇదేదో నాలుగిళ్ళ ముచ్చట కాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15 ఏళ్ళు దాటిన మగవాళ్ళలో 24 శాతం మందికి బీపీ ఉంది, లేదా బీపీ మందులు వాడుతున్నారు. మన ఉభయ గోదావరి జిల్లాల్లోనే 45 ఊళ్ళు తీసుకుని, ఏడాదిలో జరిగిన 1,300 పైచిలుకు మరణాలకి కారణాలు ఇంటింటికీ తిరిగి ఆరా తీసిన అధ్యయనం ఒకటి 2006లో వచ్చింది. అందులో అన్నిటికన్నా ఎక్కువగా, 32 శాతం మరణాలు, గుండె, రక్తనాళాల జబ్బుల వల్లే. వాటిలో గుండెపోటూ పక్షవాతమూ ఇంచుమించు చెరిసగం. పాముకాట్లు, కాలువలో పడిపోవడాలు మన ఊళ్ళో పదేళ్ళయినా చెప్పుకుంటాం. పక్షవాతం వస్తే మాత్రం వయసైపోయిందిలే అనేస్తాం.

ఇక బిళ్ళల సంగతి. అన్ని బీపీ బిళ్ళలూ ఒకటి కావు, ఈ ఒక్క ముక్క మన టీ కొట్ల దగ్గర తెలియకపోవడం వల్లే సగం అనర్థం జరుగుతోంది. ఈ ఇబ్బందికి ఎక్కువగా పేరు పడ్డవి రెండు రకాలు. ఒంట్లో ఉప్పునీ నీటినీ ఒంటేలుకి పంపించే థయజైడ్ రకం, అంటే హైడ్రోక్లోరోథయజైడ్, క్లోర్‌థాలిడోన్. రెండోది గుండె వేగాన్ని తగ్గించే పాత బీటా బ్లాకర్లు, అంటే అటెనొలాల్, ప్రొప్రనలాల్ లాంటివి. నాకు రాసింది అటెనొలాల్ కలిసిన బిళ్ళ. ఇవికాక స్పైరోనోలాక్టోన్ అని ఒకటుంది, అది మగ హార్మోనుకి అడ్డు తగులుతుంది, కొందరికి రొమ్ములు కూడా వాస్తాయి. అటు టెల్మిసార్టన్, లోసార్టన్ లాంటి సార్టన్లు, రామిప్రిల్, ఎనలాప్రిల్ లాంటి ప్రిల్‌లు, ఆమ్లోడిపిన్, వీటివల్ల ఈ ఇబ్బంది పెద్దగా ఉండదు. బీటా బ్లాకర్లలోనే నెబివొలాల్ అనే కొత్తది నాళాలని వదులు చేస్తుంది కాబట్టి ఆ విషయంలో నయం. బావగారి షీటు మీద లోసార్టన్ పక్కన హెచ్ ఉందన్నానే, ఆ హెచ్చే హైడ్రోక్లోరోథయజైడ్. పేరు చివర అలాంటి అక్షరాలు కనపడితే, వెనక సన్నటి అక్షరాల్లో ఏ మందు కలిసిందో చదవండి, చదవలేకపోతే ఇంట్లో పిల్లల చేత చదివించండి.

అలాగని థయజైడ్ పాడు మందు అనుకుంటే అది ఇంకో పొరపాటు. 33 వేల మందికి పైగా పాల్గొన్న అమెరికా అధ్యయనం ఒకటి 2002లో వచ్చింది, చవకైన ఈ పాత క్లోర్‌థాలిడోన్ కొత్త ఖరీదైన మందులకి ఏమాత్రం తీసిపోలేదని తేల్చింది. లక్షల మంది దాని మీద హాయిగా బతుకుతున్నారు. ఇబ్బంది వచ్చేది కొందరికే. ఎందరికి అంటే, 1997లో ప్రచురించిన ఒక పరీక్షలో రెండేళ్ళు క్లోర్‌థాలిడోన్ వాడినవాళ్ళలో 17.1 శాతం మందికి అంగస్తంభన సమస్య వచ్చింది. అదే పరీక్షలో మందు లేని ఉత్తుత్తి బిళ్ళ వేసుకున్నవాళ్ళలో 8.1 శాతం మందికి వచ్చింది. నాలుగేళ్ళు గడిచేసరికి ఆ తేడా దాదాపు మాసిపోయింది. బీటా బ్లాకర్ల మీద 2002లో పాత పరీక్షలన్నీ కలిపి లెక్కేస్తే, 199 మంది ఏడాదిపాటు వాడితే అదనంగా ఒక్కరికి లైంగిక సమస్య వచ్చినట్టు తేలింది. ఒక్కరికి! నేను ఈ అంకె మొదటిసారి చదివినప్పుడు ఆ ఒక్కణ్ణీ నేనేనా అనుకున్నాను, ఆ తరవాతే అసలు విషయం తట్టింది. మరి ఉత్తుత్తి బిళ్ళ వేసుకున్నవాళ్ళలో నూటికి ఆ ఎనిమిది మందికీ ఎందుకు వచ్చినట్టు?

ఇది అర్థం కావాలంటే మా చేను చూడాలి. అల్లవరం వైపు మాకు ఎకరంన్నర ఉంది, ఆయకట్టు శివారు. లొల్ల లాకుల దగ్గర నిలబడి చూస్తే కాలువ ఒడ్లు ఒరుసుకుని పోతుంటుంది, ఈ నీళ్ళకేం లోటు అనిపిస్తుంది. ఆ నీరు పెద్ద కాలువ, పిల్ల కాలువ, పంట బోదె దాటి మా గట్టు దాకా రావాలి. పూడిక తియ్యకపోయినా, గుర్రపుడెక్క అల్లుకున్నా పైవాళ్ళకి ఏమీ తెలియదు, వాళ్ళ మడి నిండుగానే ఉంటుంది. ముందు నెర్రెలిచ్చేది మా చేను. మా నాన్నగారు బోదెలో నీటి మట్టం ఒక బెత్తెడు తగ్గిందంటే చాలు, పైన ఎక్కడో పూడిందిరా, పద అని పార భుజాన వేసుకునేవారు.

ఒంట్లో శివారు అదే. మెడలో పెద్ద ధమని అర సెంటీమీటరు పైన ఉంటుంది, గుండెకి రక్తం ఇచ్చే నాళాలు 3, 4 మిల్లీమీటర్లు, అంగానికి వెళ్ళే ధమనులు 1, 2 మిల్లీమీటర్లే. బీపీ, షుగరు, పొగ, కొవ్వు, ఇవన్నీ నాళాల లోపలి పొరని పాడు చేస్తాయి. ఆ పొర నుంచీ, అక్కడి నరాల నుంచీ నైట్రిక్ ఆక్సైడ్ అనే వాయువు విడుదలైతేనే కండరం వదులై రక్తం నిండుతుంది. ఆ వాయువు ఒంట్లో సంకేతంలా పనిచేస్తుందని కనిపెట్టినందుకే 1998లో ఫర్చ్‌గాట్, ఇగ్నారో, మురాద్‌లకి నోబెల్ బహుమతి ఇచ్చారు. పొర దెబ్బతింటే ముందు ఎండేది శివారు. గుండెలో నొప్పి బయటపడటానికి రెండు నుంచి ఐదేళ్ళ ముందే ఇక్కడ తేడా కనిపిస్తుందని గుండె డాక్టర్లే చెబుతున్నారు.

అప్పటిదాకా బీపీ ఎక్కువుండి, ఆ తోపుకి పూడిన బోదెలోంచి కూడా నీళ్ళు ఎలాగో వచ్చేవి. బిళ్ళ మొదలెట్టాం, కాలువ మట్టం దిగాల్సినంత దిగింది, శివారు ఎండింది. నేరం బిళ్ళ మీద పడింది. పూడిక ఎప్పటిదో. కాబట్టి ఈ ఇబ్బంది వచ్చిన మగవాడికి దక్కాల్సింది బీ కాంప్లెక్స్ కాదు, షుగరు పరీక్ష, కొవ్వు పరీక్ష, ఈసీజీ. మా బావగారి ఒళ్ళు ఆయనకి ముందే కబురు పెట్టింది. ఆ కబురు విని గట్టు మీదకి వెళ్ళి చూసేవాళ్ళు లేకపోయారు.

నా వాదనకి ఎదురు చెప్పేవాళ్ళున్నారు, వాళ్ళ మాటలో బలం ఉంది. 2003లో ఇటలీ డాక్టర్లు ఒక పరీక్ష చేశారు. గుండె, రక్తనాళాల జబ్బు కొత్తగా బయటపడి, అంగస్తంభన సమస్య లేని 96 మంది మగవాళ్ళు. అందరికీ అటెనొలాలే, నేను వేసుకున్నదే. 32 మందికి ఏ బిళ్ళ ఇస్తున్నారో చెప్పలేదు. ఇంకో 32 మందికి మందు పేరు చెప్పారు గానీ దీని గురించి చెప్పలేదు. మిగతా 32 మందికి మందు పేరూ చెప్పారు, అంగస్తంభన సమస్య రావచ్చనీ చెప్పారు. మూడు నెలల తరవాత చూస్తే మొదటి గుంపులో ఒక్కరికి, రెండో గుంపులో ఐదుగురికి, మూడో గుంపులో పదిమందికి సమస్య. బిళ్ళ ఒకటే. మారింది మాటొక్కటే. సమస్య వచ్చినవాళ్ళకి ఆ తరవాత సిల్డెనాఫిల్, అంటే వయాగ్రా బిళ్ళలోని మందు, ఇచ్చినా, ఉత్తుత్తి బిళ్ళ ఇచ్చినా దాదాపు ఒకేలా నయమైంది. చూశారా, చెబితేనే వస్తోంది, అందుకే మేం చెప్పం అంటారు కొందరు డాక్టర్లు.

ఈ పరీక్ష గురించి నేను చాలా రోజులు ఆలోచించాను. చెప్పకుండా ఉండటం అన్నది ఇప్పుడు మన చేతిలో ఉందా? టీ కొట్టు బల్ల మీద చెబుతారు, ఆర్‌ఎంపీ చెబుతాడు, సెల్‌ఫోన్‌లో వీడియో చెబుతుంది, అదీ సగం సగం, బీపీ బిళ్ళ వేసుకుంటే సంసారానికి పనికిరావు అని గుండె గుభేలుమనేలా చెబుతారు. రోగి చెవిన ఎలాగూ పడుతుంది. ఎవరి నోటి నుంచి పడాలన్నదే మిగిలిన ప్రశ్న. పైగా నేను భయపెట్టమనడం లేదు, అడగమంటున్నాను. బిళ్ళ మొదలెట్టకముందే "ఆ విషయంలో ఇప్పుడు ఎలా ఉందండి?" అని అడిగితే, చాలామందికి అప్పటికే కొంత ఇబ్బంది ఉన్నట్టు బయటపడుతుంది, ఇక బిళ్ళ మీద నేరం పడదు. బావుందండి అంటే, "మంచిది, తేడా వస్తే నాకు చెప్పండి, వేరే బిళ్ళ ఉంది" అనాలి. వేరేది ఉంది అన్న మాట వింటే ఆ మనిషి బిళ్ళని బీరువాలో దాచడు. ఇటలీ పరీక్షలో మూడో గుంపుకి, మీకిది రావచ్చు అన్నమాట చేరింది. వస్తే మారుద్దాం అన్న మాట కూడా దాని పక్కన ఉంటే ఆ అంకె ఎంతుండేదో చూడాలని నాకుంది.

మన డాక్టర్లు మిగతావన్నీ అడుగుతారు. ప్రిల్ రకం రాస్తే పొడిదగ్గు వస్తోందా అంటారు. ఆమ్లోడిపిన్ వాడుతుంటే పాదం మీద బొటనవేలితో నొక్కి వాపు చూస్తారు. దగ్గుకి బిళ్ళ మార్చడం ఎంత మామూలో దీనికి మార్చడమూ అంతే మామూలు.

ఊళ్ళో పరిస్థితి ఇంకా కష్టం. 104 బండి వస్తుంది, బీపీ చూస్తారు, బిళ్ళలిస్తారు, చాలా మంచి పని, అది లేకపోతే మా వీధిలో సగం మందికి బిళ్ళే ఉండదు. కానీ బడి అరుగు మీద వరసలో నిలబడి, ముందు మేనల్లుడు, వెనక వియ్యంకుడు ఉండగా ఏం చెబుతాడు ఎవడైనా? ఇంటికి వచ్చే ఏఎన్‌ఎం మనం చిన్నప్పటినుంచీ అమ్మాయ్ అని పిలిచే పిల్ల. ఆ పిల్లని అడగమనడం నాకూ ఇష్టం లేదు. బీపీ కార్డు మీదే ఒక గడి పెట్టి, ఇబ్బంది ఉంటే టిక్కు పెట్టండి, డాక్టరుగారు విడిగా మాట్లాడతారు అని అచ్చు వేస్తే సరిపోతుంది. నోరు తెరవక్కర్లేదు, ఎవరి మొహమూ చూడక్కర్లేదు.

డాక్టరు వదిలేసిన చోట ఎవరు దూరుతున్నారో చూడండి. రావులపాలెం నుంచి అమలాపురం వచ్చేలోపు ఎన్ని గోడల మీద నరాల బలహీనత అని రాసుంటుందో. ఫలానా తారీఖున ఫలానా లాడ్జిలో వైద్యులు అందుబాటులో ఉంటారు అని కరపత్రాలు. అక్కడ వేలు గుంజి ఇచ్చే పొడుల్లో, లేహ్యాల్లో రహస్యంగా సిల్డెనాఫిల్ కలుపుతున్నారని పరీక్షల్లో ఎన్నోసార్లు బయటపడింది. సిల్డెనాఫిల్ చెడ్డది కాదు. ఫైజర్ వాళ్ళు మొదట గుండెనొప్పికి పనికొస్తుందేమోనని పరీక్షించి, ఈ గుణం చూసి, 1998లో ఈ పనికే అనుమతి తెచ్చుకున్న మందు అది. డాక్టరు చూసి రాస్తే బీపీ ఉన్నవాళ్ళు చాలామంది వాడుకోవచ్చు. ప్రాణం తీసేది ఇంకోటి. గుండెనొప్పికి నాలిక కింద పెట్టే సార్బిట్రేట్, ఆ నైట్రేట్ జాతి బిళ్ళలన్నీ, సిల్డెనాఫిల్‌తో కలిస్తే బీపీ ఒక్కసారిగా పాతాళానికి పడిపోతుంది. సిల్డెనాఫిల్ వేసుకుంటే కనీసం 24 గంటలు, అదే జాతి టడలాఫిల్ అయితే 48 గంటలు నైట్రేట్ దగ్గరికి రానివ్వకూడదు. ఇప్పుడు ప్రతి ఇంట్లో, ప్రతి జేబులో సార్బిట్రేట్ పెట్టుకోమంటున్నారు. ఒక రాత్రి ఒక మగవాడికి ఛాతీలో నొప్పి వస్తుంది, ఇంట్లోవాళ్ళు ప్రేమతో నాలిక కింద బిళ్ళ పెడతారు, రెండు గంటల ముందు తను షాపులో చాటుగా కొన్నది మింగానని ఆ మనిషి సిగ్గుతో చెప్పడు. ఆ సిగ్గు తలుచుకుంటే నాకు నిద్ర పట్టదు. ప్రోస్టేట్‌కి వాడే టామ్సులోసిన్, బీపీకి వాడే ప్రాజోసిన్‌తో కూడా జాగ్రత్త కావాలి, కళ్ళు తిరిగి పడిపోతారు.

అరుగు మీద బావగారు ఆ మాట చెప్పిన రాత్రి ఇంటికొచ్చి మా ఆవిడతో అంతా చెప్పాను. ఆవిడ చాలాసేపు మాట్లాడలేదు. తరవాత, "నా మీద మీకు విసుగొచ్చిందేమో అనుకున్నానండీ" అంది. ఎనిమిది నెలలు ఆ మాట మనసులో పెట్టుకుని ఆవిడ నాకు రోజూ కారియర్ కట్టింది.

ఆ శుక్రవారం ఇద్దరం కలిసి వెళ్ళాం, అదే డాక్టరుగారి దగ్గరికి. ఈసారీ వెనక బల్ల మీద మనుషులున్నారు. మా ఆవిడే కాంపౌండరు వైపు తిరిగి, "బాబూ, వీళ్ళని ఒక్క ఐదు నిమిషాలు బయట కూర్చోబెట్టు" అంది. కర్టెన్ వెనక అసలు తలుపు ఒకటుందని నాకు అప్పుడే తెలిసింది. చెప్పాను. శని, ఆదివారాలు బిళ్ళ మానేస్తున్నానని కూడా చెప్పాను. దానికి ఆయన కంగారుపడ్డారు. అటెనొలాల్ లాంటివి ఉన్నపళంగా ఆపితే గుండె ఒక్కసారిగా వేగం పుంజుకుంటుందట, గుండెపోటు కూడా రావచ్చట, ఆపాలంటే మెల్లమెల్లగా తగ్గించి ఆపాలట. "ముందే చెప్పాల్సిందండి మాస్టారూ" అన్నారు. "మీరు అడగలేదండి" అన్నాను, కోపంతో కాదు. ఆయన కాసేపు పెన్ను మూత తీసి పెడుతూ ఉండిపోయి, "అడిగితే కొందరు నొచ్చుకుంటారండి, మళ్ళీ రారు" అన్నారు. ఆయన కష్టం నాకు అర్థమైంది. రోజుకి 80 మందిని చూసే మనిషి. అయినా నా మాట నాదే. అడిగితే నొచ్చుకుని రానివాళ్ళు కొందరుంటారు, అడగకపోతే బిళ్ళ మానేసి ఇక ఎప్పటికీ రాలేనివాళ్ళు కొందరుంటారు.

అటెనొలాల్ మూడు వారాల్లో తగ్గించి ఆపేశారు, టెల్మిసార్టన్ పెట్టారు. పరీక్షలు చేయిస్తే షుగరు అంచున ఉంది, ఆ సంగతి అప్పటిదాకా తెలియనే తెలియదు. మాగాయ, ఉప్పు చేప తగ్గించాను, రోజుకి మనిషికి ఉప్పు 5 గ్రాములు మించకూడదంటుంది ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంటే ఒక చెంచాడు, ఆవకాయ అన్నంలో ఎంతుంటుందో మీరే చూసుకోండి. పొద్దున్నే కాలువ గట్టున ముప్పావుగంట నడుస్తున్నాను. రెండు నెలలు దాటాక తేడా తెలిసింది. ముప్ఫై ఏళ్ళనాటిలా ఉందని అబద్ధం చెప్పను. బిళ్ళ మారినందుకా, నడకకా, ఇంట్లో దాపరికం పోయినందుకా అంటే విడదీసి చెప్పలేను. బీపీ మాత్రం 130 దాటడం లేదు, బిళ్ళ ఒక్కరోజు కూడా మానడం లేదు.

బావగారు ఇప్పుడు కర్ర పట్టుకుని పెరట్లో కొబ్బరి చెట్ల దాకా నడుస్తున్నారు. కుడి చెయ్యి ఇంకా స్వాధీనంలోకి రాలేదు. పొద్దున్నే అక్క గ్లాసు ఇచ్చి, బిళ్ళ తనే తీసి అరచేతిలో పెట్టి, మింగేదాకా అక్కడే కూర్చుంటుంది. మొన్న ఆదివారం వెళ్ళినప్పుడు, ఆస్పత్రిలో కొత్తగా రాసిన చీటీ, షీటు దిండు కింద నుంచి ఎడమ చేత్తో తీసి నాకు ఇచ్చారు. అక్క అక్కడే ఉంది. ఈసారి ఆవిడ ఎదుటే అడిగారు.

"ఇందులో... హెచ్ ఉందేమో చూడవోయ్."

కళ్ళద్దాలు పెట్టుకుని వెనక అక్షరాలు రెండుసార్లు చదివాను. టెల్మిసార్టన్, ఆమ్లోడిపిన్. "లేదు బావగారూ" అన్నాను. షీటు నా చేతిలోంచి అక్క తీసుకుని, ఒక బిళ్ళ నొక్కి తీసి, ఆయన ఎడమ అరచేతిలో పెట్టింది.